నాన్నకి పడని స్ప్రింగు

జూలై 9, 2013. మంగళవారం. భావనపాడు.

ఎర్రన్న మావకి స్ప్రింగు. నాన్నకి మాత్రలు.

పదింటికి ఉష మేడమ్ ఫోన్ చేసి చెప్పింది. శ్రీకాకుళం ఆసుపత్రిలో ఈ పరిశోధన కాగితాలన్నీ ఆవిడే చూస్తుంది. పరీక్షకి సెంటర్ ఎక్కడ పడిందో చెప్పినంత మామూలుగా చెప్పింది. "మీ నాన్నగారు మందుల గ్రూపు, అనితా. మీ మావగారు స్టెంటు గ్రూపు. మాత్రలు మాత్రం ఇద్దరికీ ఒకటే, డోసు కూడా ఒకటే."

మార్చడానికి కుదరదా అన్నాను.

"నేనే కాదమ్మా, డాక్టరుగారు కూడా మార్చలేరు. అది కంప్యూటరు తీసిన చీటీ. మనిషి చెయ్యి పడితే ఇంక పరిశోధన ఏముంది?"

మే నెలలో వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డున, మగాళ్ళందరూ ఇళ్ళ దగ్గర. అందుకే ఊళ్ళో పెట్టిన బీపీ క్యాంపుకి అంతమంది వెళ్ళారు. మూడు రకాల మాత్రలు మింగుతున్నా బీపీ దిగనివాళ్ళు ఆరుగురు తేలారు. ఆరుగురికీ స్కానింగు చేస్తే ఇద్దరికి కిడ్నీకి రక్తం తీసుకెళ్ళే గొట్టం సన్నబడిపోయి ఉంది. నాన్న, మావ. ఒకే పడవ, ఒకే బీడీకట్ట, ఇప్పుడు ఒకే జబ్బు.

ఆ గొట్టంలో స్ప్రింగు, అదే స్టెంటు, పెట్టి వెడల్పు చేయడం మేలా, మాత్రలతోనే సరిపోతుందా అన్నది గట్టిగా ఎవరికీ తెలియదట. తెలియదు కాబట్టే మనుషుల్ని రెండు గుంపులుగా చేసి కొన్నేళ్ళపాటు చూస్తారట. తెలియని వాళ్ళ దగ్గరికి నాన్నని నేనే తీసుకెళ్ళాను.

నాన్న చిరిగిన వలని కాలి బొటనవేలికి తగిలించుకుని కుట్టుకుంటున్నాడు. చెప్పాను. చేతిలో సూది ఆగలేదు.

"నాకు పడనేదా?"

"లేదు నాన్నా."

"పడుద్దన్నావు గదే గుంటా."

పొయ్యి దగ్గర్నించి అమ్మ అందుకుంది. "పడకపోతే పోయింది. ఒంట్లో ఇనప ముక్క నేకపోతే నిద్దరట్టదేటి నీకు?"

పరిశోధనలో చేరే ఫారం నేను చదివి వినిపించాను. అంతే.

జూలై 10

చదివి వినిపించాను, అంతే. సంతకం పెట్టింది ఆయన.

జూలై 19, శుక్రవారం

మావ విశాఖపట్నంలో స్ప్రింగు వేయించుకుని వచ్చాడు. ఆటో దిగేసరికి సగం వీధి అక్కడే ఉంది. తొడ మొదట్లో అరచేయంత కట్టు చూసి జనానికి నిరాశ. కడుపు కోసి ఉంటారనుకున్నారు.

"ఇక్కణ్ణుంచి తీగ దూర్చినారు. నా నోపల ఏటున్నాదో నాకే టీవీలో సూపించినారు. ఇంతుంటాది, వల ముక్క లాగ," అని చిటికెనవేలి గోరు చూపించాడు మావ.

"ఉప్పునీల్లకి తుప్పట్టదేటి?" అన్నారెవరో. అందరూ నవ్వారు. మావ నవ్వలేదు, నిజంగానే ఆలోచనలో పడ్డాడు.

మావంటే అమ్మకి సొంత అన్న. నాన్నతో ముప్ఫై ఏళ్ళుగా ఒకే పడవ మీద వెళ్తున్నాడు. ఊరందరికీ కట్టు చూపించినవాడు నాన్న వైపు మాత్రం చూడలేదు. చివరికి జనం పలచబడ్డాక అన్నాడు.

"నీకూ పడుంటే బాగున్ను బావా."

"నాకేటయినాదిరా? మాత్రల్లేవా?"

ఇద్దరూ చెరో దిక్కు చూస్తూ నిలబడ్డారు. తుఫాను గాలిలో పడవ తిరగబడినప్పుడు కూడా వీళ్ళు ఒకరినొకరు తిట్టుకుంటూ ఒడ్డుకి ఈదారని చెబుతారు. ఈ మర్యాద నాకు నచ్చలేదు.

ఆగస్టు 2, శుక్రవారం

మావ రోజూ పొద్దున్నే గిన్నె పట్టుకుని వస్తున్నాడు. మూత పెట్టిన స్టీలు గిన్నె. మా వీధిలో గిన్నెలు మోసేది ఆడవాళ్ళు. మావ దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని వస్తాడు. నాన్న దాన్ని వంటింట్లోకి పంపకుండా గోడవారన కూర్చుని తనే తింటాడు. ఉప్పు తక్కువ వేసిన చేప ముక్కలు రెండు.

"మీ అన్నకి స్ప్రింగుతో పాటు బుద్ధి కూడా పెట్టినట్టున్నారు," అన్నాను అమ్మతో.

"బుద్ది కాదే. సిగ్గు."

డిగ్రీ మూడేళ్ళలో నాకు నేర్పని సంగతులు అమ్మ ఒక్క మాటలో తేల్చేస్తుంది. బీఎస్సీ అయి పద్నాలుగు నెలలు. ఒడ్డు వెంట అటూ ఇటూ నడవడం, ఉద్యోగ ప్రకటనలు కత్తిరించుకోవడం. కోచింగుకి శ్రీకాకుళం వెళ్తే ఇంట్లో ఏమవుతోందో అని బెంగ. ఇంట్లో ఉంటే అక్కడ ఏం చెబుతున్నారో అని బెంగ.

ఆగస్టు 14

రాష్ట్రం విడగొట్టొద్దని సమ్మె, బస్సులు బంద్. ఎన్నాళ్ళో ఎవరికీ తెలియదు. కోచింగు కూడా బంద్. ఒక బెంగ తగ్గింది.

సెప్టెంబరు 6, శుక్రవారం

నాన్న పడిపోయాడు.

పడవ దిగి రెండడుగులు వేశాడు. మూడో అడుగుకి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అల వచ్చి నడుము దాకా తడిపి వెళ్ళింది, లేవలేదు. మావే చంకల కింద చేతులు వేసి లేపాడు. కళ్ళు తెరిచి నాన్న అన్న మొదటి మాట, "వల తడిసినాదా?" అమ్మ ఏడుపులోనే తిట్టింది. "వల తడవక ఎండుతాదేటి సచ్చినోడా!"

వారం నుంచి లేస్తే కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయట. నాకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

మావ బాగున్నాడు. మావ ఇవాళ తెడ్డు వేశాడు, వల లాగాడు, నాన్ననీ మోశాడు. స్ప్రింగు పడినవాడు మోస్తున్నాడు, పడనివాడు మోయించుకుంటున్నాడు. ఇంకేం తెలియాలి ఈ పరిశోధనకి?

సెప్టెంబరు 7

ఫారం నాలుగు పేజీలు. చిన్న అక్షరాలు. ఎవరైనా అన్నీ చదువుతారా?

సెప్టెంబరు 24, మంగళవారం

రెండు నెలల చెకప్. బస్సులు లేవు కాబట్టి ఆటోలో నౌపడ, అక్కణ్ణుంచి పాసింజరు. రైల్లో నాన్న కిటికీ కడ్డీ వదలకుండా కూర్చున్నాడు. మావ బఠానీలు కొని ఒక్కడే తిన్నాడు.

నాన్నకి బీపీ తొంభై నాలుగు. క్రియాటినిన్ అని ఒక అంకె ఉంటుంది, కిడ్నీ సరిగ్గా పని చెయ్యకపోతే పెరుగుతుంది. జూలైలో ఒకటిన్నర. ఇవాళ రెండు పాయింట్ మూడు.

మావకి బీపీ నూట తొంభై.

డాక్టరు జగన్నాధం గారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని కళ్ళజోడు తీశారు, మళ్ళీ పెట్టుకున్నారు. "స్టెంటు పెట్టినాయనకి బీపీ ఎక్కుతోంది, పెట్టనాయనకి పాతాళానికి పోతోంది. ఉషా, మాత్రలు సరిగ్గా వాడుతున్నారా వీళ్ళు?"

ఉష మేడమ్ ఇద్దరి సంచుల్లోంచీ ఖాళీ అట్టలు బల్ల మీద పరిచి లెక్కపెట్టింది. ఒక్క మాత్ర తేడా లేదు. "ఈ జిల్లాలో ఇంత పద్ధతిగా తెచ్చేది వీళ్ళిద్దరే సార్."

"బయట మందులేమైనా వాడుతున్నారా ఎల్లాజీగారూ? పసరు, నాటుమందు?"

"నేదు బాబూ." నాన్న నేల చూసి చెప్పాడు.

"బీడీ?"

"రోజుకి నాలుగు బాబూ."

"ఎనిమిది," అన్నాడు మావ.

"నువ్వు నోర్ముయ్యి బావా."

బీపీ మాత్ర నాన్నకి సగం చేశారు. రెండు వారాల్లోపు మళ్ళీ రమ్మన్నారు. డాక్టరు గారు నాన్నతో నవ్వుతూనే మాట్లాడారు. నేను చూసింది ఆయన వేళ్ళని. రెండు పాయింట్ మూడు మీద పెన్నుతో సున్నా చుట్టి, దాని చుట్టూ ఇంకొకటి చుట్టారు.

అక్టోబరు 3

సగం చేసినా నాన్నకి కళ్ళు తిరగడం తగ్గలేదు. ఇవాళ బావి దగ్గర చేంతాడు వదిలేశాడు.

అక్టోబరు 7, సోమవారం

వెళ్ళలేకపోయాం. కరెంటు వాళ్ళ సమ్మె, రైళ్ళు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఉష మేడమ్ ఫోన్ ఎత్తడం లేదు, వాళ్ళకీ కరెంటు లేదేమో.

అక్టోబరు 8, మంగళవారం

విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఫోన్ చేశాను. స్కానింగులో ఏముందో చదివాను. అవతల అమ్మాయి ఒక్క ప్రశ్న అడగలేదు. "తీసుకొచ్చేయండి మేడమ్, రెండు రోజుల్లో వేసి పంపేస్తాం." ఎంత హాయిగా ఉందో ఆ మాట వినడానికి. చీటీ లేదు, గుంపు లేదు, తెలియదు అన్న మాట లేదు.

దసరా వెళ్ళాక పదిహేనో తారీఖున వెళ్తున్నాం. పరిశోధన నుంచి తప్పుకుంటున్నామని ఉత్తరం రాశాను. నాన్న ముందు పెట్టాను.

ఆయన అందులో ఏముందని అడగలేదు. చదవమనలేదు. నేను వేలు పెట్టిన చోట సంతకం పెట్టాడు. ఎ-ల్లా-జీ, మూడో తరగతి అక్షరాలు, ఒక్కొక్కటీ ఒక్కొక్క దిక్కుకి వాలి.

అక్టోబరు 9

రాసేస్తున్నాను. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ?

చేరిన రోజు ఆసుపత్రిలో ఉష మేడమ్ మొదటి రెండు పేజీలూ తనే వివరించింది. ఇంతలో ఎవరో పిలిచారు. మిగతాది నన్ను చదవమని వెళ్ళింది. మూడో పేజీలో ఇలా ఉంది: "మీకు స్టెంటు అమర్చవచ్చు లేదా అమర్చకపోవచ్చు. ఈ నిర్ణయం మీ వైద్యుని చేతిలో గాని మీ చేతిలో గాని ఉండదు."

అప్పటికే నాన్న సగం లేచాడు. "పోదారి పదే, గాలి మారతన్నాది" అంటున్నాడు. ఒకసారి గుమ్మం దాటితే మళ్ళీ రాడని నాకు తెలుసు. బీపీ రెండువందల పది. నేను చదివింది ఇది: "స్టెంటు వేస్తారు నాన్నా. కంప్యూటరు చూసి వేస్తారు."

ఆయన కూర్చున్నాడు. సంతకం పెట్టాడు.

ఉష మేడమ్ తిరిగొచ్చి "అన్నీ అర్థమయ్యాయా బాబాయ్?" అంది. "మా గుంట సెప్పినాది" అన్నాడు.

అక్టోబరు 12, శనివారం. తుఫాను షెల్టరు.

సాయంత్రం నాలుగు.  

పొద్దున్నే పోలీసులు మైకులో అరిచి అందర్నీ షెల్టరుకి తోలేశారు. స్తంభాల మీద కట్టిన మేడ. పై గదిలో మూడువందల మంది, కోళ్ళు, వలలు, ఒక టీవీ. నాన్న గోడకి ఆనుకుని కూర్చున్నాడు, మావ పక్కన. వంటల్లేవు, గిన్నెల్లేవు, పులిహోర పొట్లాలు పంచారు. నేను మంచినీళ్ళ సీసా తెచ్చి వంగాను.

మావ చొక్కా జేబులోంచి పాలిథిన్ కవరు తీశాడు. అట్టలోంచి ఒక మాత్ర నొక్కి, నాన్న మొహం చూడకుండా నాన్న అరచేతిలో పెట్టాడు. ఆ అరచేతిలో అప్పటికే సగం మాత్ర ఉంది. నాన్న రెండూ నోట్లో వేసుకుని నీళ్ళ కోసం నా వైపు చెయ్యి చాపాడు.

"ఏటది?" అన్నాను. కాలేజీ భాష ఎటు పోయిందో.

"ఏటీ నేదు. నీల్లియ్యి."

"మావా, ఏటది?"

"నాదేలే."

"నీ మాత్ర నాన్నకెందుకేస్తన్నావు?"

"నాకు స్ప్రింగున్నాది గదే."

"ఎన్నాళ్ళబట్టి?"

"అరవకు, పదిమందున్నారు," అన్నాడు నాన్న.

"ఎన్నాళ్ళబట్టి నాన్నా?"

మావ చెప్పాడు, తప్పు ఒప్పుకున్నట్టు కాదు, గొప్పగా. వైజాగు నుంచి వచ్చిన మర్నాటి నుంచి. ఒక్క రోజు తప్పలేదు. గిన్నెలో చేప ముక్క కింద ఆకులో చుట్టి. "ఆ రగతం పలచన సేసే మాత్ర మాత్రం నానే ఏసుకుంటన్నాను. అది మానితే స్ప్రింగు మూసుకుపోద్దని మేడమ్మ బెదిరించినాది. బీపీదే బావకిస్తన్నాను."

"అట్టలు?"

"మాత్ర నొక్కి తీసే ఇస్తన్నాను, కాళీ అట్ట నా కాడే ఉంటాది. మేడమ్మకి లెక్క సరిపోవాల గదా."

నాకు అప్పుడు గుర్తొచ్చింది, ఈ ఊళ్ళో పుట్టి కూడా నాకు తట్టనిది. ఒక పడవకి చేప పడి, పక్క పడవ వట్టి వలతో వస్తే, పడినవాడు పడనివాడి ఇంటికి కూరకి పంపాలి. పడనివాడు అడగకూడదు. ఇస్తే వద్దనకూడదు. ఇద్దరూ పదిమందిలో ఆ మాట ఎత్తకూడదు. అలా ఎత్తినవాణ్ణి తర్వాత ఎవడూ పడవ ఎక్కించుకోడు. మావకి స్ప్రింగు పడింది. నాన్నకి పడలేదు. మావ పంపాడు. నాన్న వద్దనలేదు. డాక్టరు అడిగినా చెప్పలేదు.

"మరి కళ్ళు తిరుగుతుంటే ఆపాలని తెలీదా నాన్నా?"

"స్ప్రింగు నేదు కాబట్టి తిరుగుతన్నాయనుకున్నాను. నువ్వూ అదే అన్నావు గదే."

అన్నాను. నెల రోజులుగా రోజూ అన్నాను.

అక్కడే, కోళ్ళ బుట్ట పక్కన, కూలబడ్డాను. గాలి కిటికీలని పీకుతోంది, ఆడవాళ్ళు గంగమ్మ తల్లికి మొక్కుకుంటున్నారు, నాకు నవ్వొస్తోంది. కిడ్నీ పోవడం లేదేమో. మాత్ర ఎక్కువయిందేమో. అంతేనేమో. అమ్మ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

మూడింటికి ఒక్క గీత సిగ్నల్ దొరికింది. ఉష మేడమ్ మొత్తం వింది. తర్వాత అంది, "ఒక్క నిమిషం, డాక్టరుగారిని అడుగుతాను." మళ్ళీ లైన్లోకి వచ్చి, "నాన్నగారికి ఆ మాత్ర ఇవాళ్టి నుంచి పూర్తిగా ఆపెయ్యి. మావగారు తనది తను వేసుకోవాలి, ఇప్పుడే. గాలి తగ్గగానే ఇద్దర్నీ తీసుకురా." పెట్టేముందు, "గిన్నెలోనా?" అంది.

అక్టోబరు 13

గాలి ఒడిశా వైపు కొట్టింది. మా ఊళ్ళో పైకప్పులు పోయాయి, మనుషులు ఉన్నారు. పడవ ఉంది. నాన్న ఇవాళ పడవ దాకా నడిచి వెళ్ళి వచ్చాడు. ఎక్కడా ఆగలేదు. నేను వెనకాలే వెళ్ళాను, అడుగులు లెక్కపెడుతూ.

తప్పుకునే ఉత్తరం బ్యాగులోనే ఉంది. చింపలేదు. ముందు అంకె చూడాలి.

అక్టోబరు 18, శుక్రవారం

ఒకటి పాయింట్ ఎనిమిది.

పోయిన నెల రెండు పాయింట్ మూడు. మాత్ర ఆపి ఆరు రోజులే. ఇంకా దిగుతుందన్నారు. జగన్నాధం గారు బల్ల మీద కాగితం పెట్టి బొమ్మ గీశారు. గొట్టం సన్నగా ఉంది కాబట్టి కిడ్నీకి వెళ్ళే రక్తమే తక్కువ. రెండింతల మాత్రతో బీపీ అంత కిందికి దించేస్తే ఉన్న కాస్తా అందదు, అందుకే అంకె పెరిగింది. "ఇంకో రెండు నెలలు ఇలాగే పంచుకునుంటే ఒకాయనకి కిడ్నీ, ఒకాయనకి పక్షవాతం, చెరో పాలు వచ్చి ఉండేవి," అన్నారు. మావ తల వంచుకున్నాడు.

నాన్న లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు. "మమ్మల్ని తీసేస్తారేటి బాబూ?"

"ఎందుకు తీసేస్తాం?"

"తప్పు సేసినాం గదా. మీ లెక్కంతా పాడైపోనాది."

"కూర్చోండి. మాత్రలు వేసుకున్నా, మానేసినా, పక్కవాడికి పెట్టినా, కంప్యూటరు ఏ గుంపులో వేసిందో చివరిదాకా ఆ గుంపులోనే లెక్క. మనుషులు చెప్పినట్టు చెయ్యరని ముందే తెలిసి పెట్టుకున్న నియమం అది. మీరు మందుల గుంపు. ఆయన స్టెంటు గుంపు. అంతే."

నాన్న కూర్చున్నాడు. ఆయనకి ఇన్నాళ్ళూ ప్రాణం కన్నా ఈ పరువు గురించే ఎక్కువ బెంగగా ఉందని నాకు ఇవాళే తెలిసింది.

నియమం తప్పినప్పుడు నింపే ఫారం ఒకటి ఉందట. ఉష మేడమ్ తేదీలు రాసుకుంది, మాత్రలు రాసుకుంది. "కారణం" అన్న గడి దగ్గర పెన్ను ఆపి మావ వైపు చూసింది. "ఇక్కడేం రాయమంటారు?"

మావ కొంచెం ఆలోచించాడు. "బావ అని రాసీ అమ్మా."

ఆవిడ నవ్వాపుకుని ఇంగ్లీషులో ఏదో రాసింది. ఉత్తరం చింపి ఆవిడ బల్ల కింద బుట్టలో వేశాను. విశాఖపట్నం ఆసుపత్రి వాళ్ళు మధ్యలో రెండుసార్లు ఫోన్ చేశారు. ఎత్తలేదు.

నవంబరు 8

ఒకటిన్నర. జూలైలో ఎంతో అంత. మావ బీపీ నూట ముప్ఫై ఎనిమిది.

అమ్మ ఇద్దరికీ ఉప్పు లేని పులుసు పెట్టింది. ఇద్దరూ ఒకే కంచం ముందు కూర్చుని ఆవిణ్ణి తిట్టారు. పాత గొంతులతో.

నవంబరు 20, బుధవారం

ఉష మేడమ్ ఫోన్. అమెరికాలో ఇలాంటిదే పెద్ద పరిశోధన ఫలితాలు మొన్న బయటపెట్టారట. తొమ్మిదివందల పైచిలుకు మందిని ఏళ్ళ తరబడి చూశారట. సగం మందికి మాత్రలు, సగం మందికి మాత్రలతో పాటు స్ప్రింగు. గుండెపోట్లు, పక్షవాతాలు, కిడ్నీ చెడిపోవడాలు, చావులు, అన్నీ లెక్కవేస్తే రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. స్ప్రింగు వేసినవాళ్ళకి బీపీ రెండు పాయింట్లు తక్కువ ఉంది, అంతే.

"అంటే నాన్న ఏమీ నష్టపోలేదా?" అన్నాను.

"నువ్వు ఆ రోజు నుంచీ ఇదే అడుగుతున్నావు అనితా. మాత్రలు సరిగ్గా వేసుకుంటే నష్టపోలేదు."

ఫోన్ పెట్టేశాక ఇంటి వెనక్కి వెళ్ళి చాలాసేపు ఊరికే నిలబడ్డాను. నాలుగు నెలలు వీపు మీద మోసిన నీళ్ళకుండ ఎవరో దించి కింద పెట్టినట్టుంది. వీపు ఇంకా వంగే ఉంది.

నాన్నకి, మావకి కలిపి చెప్పాను. మావ మొహం చూడాలి.

"మరి నాకెందుకెట్టినారు?"

"అప్పటికి తెలీదు మావా."

"ఇప్పుడు తెలిసినాది గదా. తీసేస్తారేటి?"

"తీసేసి ఏటి సేసుకుంటావు బావా?" అన్నాడు నాన్న. "గుమ్మానికి ఏలాడదీసుకుంటావా?"

నాన్న నవ్వు ఆగలేదు. దగ్గొచ్చింది, అయినా ఆగలేదు. మావ అలిగి రెండడుగులు పోయి, వెనక్కి వచ్చి, బీడీ అడిగాడు. "ఒక్కటే ఉన్నాది" అని నాన్న దాన్ని విరిచి ఒడ్డు మీద పారేశాడు. ఇద్దరికీ లేదు.

నవంబరు 21

చెప్పాను.

ఎందుకు చెప్పాలి, అంతా బాగానే ఉంది కదా అని పొద్దంతా అనుకున్నాను. అంతా బాగానే ఉంది కాబట్టి ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పనని తెలిసింది. మూడో పేజీలో ఏముందో, నేనేం చదివానో, మాట మాటా చెప్పాను.

నాన్న వల మీద నుంచి తల ఎత్తలేదు.

"కావాలనే సదివినావా అలగ?"

"మీరు లేచి వెళ్ళిపోతున్నారని."

"ఎల్లిపోతే ఎల్లిపోదును."

"అవును నాన్నా."

సూది వలలో గుచ్చి వదిలేసి అన్నాడు. "నాకు అచ్చరాలు నేవు. నీకున్నాయి, నాకు కన్నొకటున్నాదనుకున్నాను. ఆ కన్ను నువ్వే మూసేస్తే నాను ఎవుల్నడగాల?"

మంచి కోసమే అని నేను అనలేదు. ఆ మాట నోటి దాకా వచ్చింది.

నవంబరు 22

మాట్లాడలేదు.

నవంబరు 23

"కూర్మీ, నీల్లు తెమ్మను" అని అమ్మతో అన్నాడు. తెచ్చాను. తాగాడు.

నవంబరు 27

"గుంటా, నా కల్లజోడేదీ?" అన్నాడు. ఆయనకి కళ్ళజోడు లేదు. అది ఉత్త పలకరింపు. వెతికినట్టు చేశాను.

డిసెంబరు 10, మంగళవారం. ఆసుపత్రి వరండా.

ఇక్కడ కూర్చునే రాస్తున్నాను.

ఇక్కడ ఇంక కొత్తగా ఎవరికీ స్ప్రింగు వెయ్యరట. ఇప్పటికే చేరినవాళ్ళని మాత్రం మరో మూడేళ్ళు చూస్తామని, ఇష్టమైతేనే ఉండమని, కొత్త ఫారాలు వచ్చాయి. ఒప్పుకోవడాన్ని వీడియో తీయాలని కొత్త రూలు కూడా వచ్చిందట. కెమెరా అనగానే నాన్న తల దువ్వుకున్నాడు. ఫారం నా చేతిలోకి రాబోయింది.

"గుంటని బయట కూకోమనండి మేడమ్మా," అన్నాడు నాన్న. "మీరు సదవండి. అన్నీ సదవండి. ఒక్కటీ వొగ్గొద్దు."

ఉష మేడమ్ నా వైపు చూసింది. నేను లేచి బయటికి వచ్చాను. చెవులు కాలాయి. తలుపు చేరవేసి ఉంది, ప్రతి మాటా వినబడుతోంది.

పావుగంట అన్నారు. గంట దాటింది. చదువుతుంటే ఆపించి అడుగుతున్నాడు. ఎన్నిసార్లు రగతం తీస్తారు, ఒక్కోసారి ఎంత, ఒక సీసానా సెంబునా? నా పేరు ఆ కంప్యూటర్లో ఉంటాదా, నంబరేనా? ఆ అమెరికా వోల్లలో బీడీ తాగినోల్లు ఎంతమంది? మాత్రలు మీరే ఇస్తారా, నాను కొనుక్కోవాలా? వేట ఉన్న రోజున రమ్మంటే నాను రానేను, ఏటి సేస్తారు? తేదీ మారుస్తామంటోంది ఆవిడ.

మావ తన వంతు కోసం నా పక్కన కూర్చుని కాళ్ళు ఊపుతున్నాడు. "మీ అయ్య ఇయ్యాలప్పుడే వొదలడే. నాకాకలేస్తన్నాది."

"అడగనీ మావా."

లోపల కాగితం తిప్పిన చప్పుడు. తర్వాత నాన్న గొంతు.

"మద్దిలో నాకొద్దనిపిస్తే?"

"వెళ్ళిపోవచ్చు బాబాయ్. ఎప్పుడైనా సరే. ఎందుకని కూడా ఎవరూ అడగరు. మీ వైద్యం ఆగదు."

"రాసున్నాదా అలగ?"

"ఇదిగో, ఇక్కడ."

"వేలెట్టి సూపించు. ఆ... ఇదా?"

"అదే."

కుర్చీ జరిగిన చప్పుడు.

"అయితే ఉంటాను," అన్నాడు నాన్న. "కలం తే అమ్మా."